ఆహార పట్టిక రాసే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

అనంతపురం నుండి మామయ్య ఆశీర్వదించి రాయునది. నీవు పోషకాహారంలో డిగ్రీ ముగించి, కర్నూలులో జిమ్ శిక్షకుడిగా చేరి, ఇకపై ఆహార సలహాలు కూడా ఇవ్వబోతున్నావని అక్కయ్య చెప్పినప్పుడు చాలా సంతోషించాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నవాణ్ణి కనుక ఒక్క మాట గట్టిగా చెప్పదలచుకున్నాను: ఎదుటి మనిషి ఇంట్లో పొయ్యి మీద ఏమి ఉడుకుతున్నదో, ఆయన ఏ మందులు మింగుతున్నాడో అడగకుండా ఆహార పట్టిక రాయవద్దు.

తొలి రోజుల్లో ధర్మవరం నుండి వచ్చిన ఒక నేత కార్మికుడికి బరువు తగ్గడానికి రాత్రి సంగటి పూర్తిగా మానేయమని చెప్పాను. పగలంతా గుంట మగ్గంలో కూర్చొని పనిచేసే ఆ పెద్దాయన అప్పటికే చక్కెర వ్యాధికి మాత్రలు వాడుతున్నాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తిండి తగ్గినా మాత్ర తగ్గకపోవడంతో రక్తంలో చక్కెర బాగా పడిపోయి, నాలుగో రోజు తెల్లవారుజామున చెమటలు పట్టి, చేతులు వణికి, స్పృహ తప్పబోయాడు. ఇంటివాళ్ళు వెంటనే పంచదార నీళ్ళు తాగించబట్టి తేరుకున్నాడు. ఆ తప్పు పూర్తిగా నాది. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా దించే మాత్రలు గాని వాడేవారి తిండిని వారి వైద్యునితో మాట్లాడకుండా నీవు ఒక ముద్ద కూడా తగ్గించకూడదు.

చక్కెర ఉన్నవారు రాగి సంగటి ఎంతైనా తినవచ్చునని మన వైపు చాలామంది నమ్ముతారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మాట నిజమే కాని, అందులో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. అందువల్ల సంగటిని నిషేధించకుండా, ముద్ద పరిమాణం తగ్గించి, పక్కన పప్పు, ఆకుకూర పెంచమని చెప్పు. భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే అరవై కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. అందుకోసం డబ్బా పొడి కొనిపించనక్కరలేదు. పప్పు, గుడ్లు, పెరుగు, ఉలవలు ఉన్నాయి. మనవాళ్ళు బుడ్డలని పిలిచే వేరుశనగలో నాలుగో వంతు మాంసకృత్తులే అయినా దాదాపు సగం నూనె కనుక, ఒక గుప్పెడు చాలునని కొలిచి చూపించు. మరమరాలతో చేసే ఉగ్గాని ఇష్టపడేవారిని అది మానమనవద్దు. పప్పుల పొడి కాస్త ఎక్కువగా వేసుకొని, పక్కనుండే బజ్జీలు తగ్గించుకోమను.

నెలకు పది కిలోలు తగ్గించమని అడిగేవారు తప్పక వస్తారు. వారానికి అర కిలో చొప్పున తగ్గడమే క్షేమమని చెప్పి, వారు వెళ్ళిపోయినా సరేనని నిలబడు. పొడి డబ్బాల అమ్మకంపై కమీషన్ మాత్రం ఎన్నడూ తీసుకోకు. ఆ డబ్బు చేతికి వచ్చిన నాటి నుండి నీ సలహా ఎవరి మేలు కోరి చెబుతున్నదో నీకే తెలియకుండా పోతుంది.

నీవు రాసే మొదటి పది పట్టికలను ఎవరికైనా ఇచ్చే ముందు నాకు పంపించు. ప్రతి దాని పైభాగాన ఆ ఇంట్లో వంట చేసేదెవరో, తినే మనిషి పని ఏమిటో, వాడే మందులేవో రాసి ఉండాలి.

నీ మామయ్య