తక్కెడ మొగ్గు, రోడ్ల కూడలి

సందేహం: బరంపురంలో డిగ్రీ పిల్లలకు మనస్తత్వశాస్త్రం చెబుతాను. మనకే తెలియకుండా మనసు ఒక వైపుకు ఒరగడాన్ని, అంటే ‘అన్‌కాన్షస్ బయాస్’ను, తెలుగు పిల్లలకు ‘అపస్మారక పక్షపాతం’ అన్నాను, నవ్వారు. ‘అచేతన పూర్వాగ్రహం’ అంటే తెల్లమొహాలు వేశారు. జాతి, లింగం లాంటి వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పడటాన్ని చెప్పే ‘ఇంటర్‌సెక్షనాలిటీ’కి ‘ఖండనాత్మకత’ సరిపోతుందా?

సమాధానం: నవ్వరూ మరి! అపస్మారకం అనగానే ఆసుపత్రి మంచం కళ్లకు కడుతుంది. ‘అచేతనం’ ఫ్రాయిడ్ పాఠంతో మన పుస్తకాల్లో స్థిరపడిన మాటే గానీ, మీ ఊళ్లో దానికో చిక్కుంది: ఒడియాలో ‘అచేత’ అంటే స్పృహ తప్పడమే. ‘పూర్వాగ్రహం’ ఇంకా తికమక. ‘ఆగ్రహం’ సంస్కృతంలో పట్టుదల, ఒడియాలో ఆసక్తి, తెలుగులో కోపం. పైగా అది ‘ప్రెజుడిస్’కి, అంటే ముందే పెంచుకున్న దురభిప్రాయానికి, వాడే మాట.

‘మాస్టారు పక్షపాతం చూపించారు’ అంటే తెలిసే చేశారన్న నింద వినబడుతుంది. ‘మొగ్గు’లో ఆ నింద లేదు, తక్కెడ తెలిసి మొగ్గదు కదా. ‘ఎరుకలేని మొగ్గు’ అనండి. వాడుకలో మొగ్గు అనుకూలతకే చెల్లుతుంది కాబట్టి, అవతల పైకి లేచిన తట్టలో ఎవరున్నారో కూడా చెప్పించండి. మన సికింద్రాబాదులో పుట్టిన మనస్తత్వశాస్త్రవేత్త మహ్‌జరీన్ బనాజీ, తోటి పరిశోధకుడు గ్రీన్‌వాల్డ్‌తో కలిసి 1995 వ్యాసంలో ఎంచుకున్న మాట ‘ఇంప్లిసిట్’. దానికి ‘అవ్యక్త’ చక్కగా అతుకుతుంది.

తరగతిలో చూపాలంటే ఒకే జవాబు పత్రానికి రెండు పేర్లు పెట్టి, సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి ఇచ్చి పదికి మార్కులు వేయించండి. రెండూ ఒకరి చేతికే ఇస్తే గుట్టు తెలిసిపోతుంది. సగటుల్లో తేడా వచ్చినా తొందరపడొద్దు. చిన్న తరగతిలో అది కాకతాళీయం కావచ్చు. ఫలానా పిల్లవాడికి మొగ్గుందని మాత్రం తేల్చకండి.

‘ఖండన’ వద్దు. తెలుగువాడికి అది పత్రికా ప్రకటన. గణితంలోని ‘ఛేదనం’ తెస్తే పిల్లలు ఉమ్మడి భాగం లెక్కపెట్టడం దగ్గరే ఆగిపోతారు. 1989లో ఈ మాటను తెచ్చిన న్యాయశాస్త్రజ్ఞురాలు కింబర్లీ క్రెన్‌షా చూపిన బొమ్మ నాలుగు రోడ్ల కూడలి: నడుమ నిలబడ్డ మనిషిని ఏ వైపు బండైనా గుద్దవచ్చు, ఒక్కోసారి అన్నీ గుద్దవచ్చు. ఆమె ఎత్తిచూపిన 1976 తీర్పులో, జనరల్ మోటార్స్ మీద ఐదుగురు నల్లజాతి మహిళలు వేసిన దావాలో, జాతినీ లింగాన్నీ కలిపి వాదించడం కుదరదంది కోర్టు. కంపెనీ ఆడవాళ్లను తీసుకుంది కదా అన్నది ఒక సమాధానం. వాళ్లు తెల్లవాళ్లు.

మీ దగ్గరికి తెస్తే: ఒక కొలువులో ఒడియా అమ్మాయిలున్నారు, గోపాల్‌పూర్ తీరపు తెలుగు మత్స్యకారుల అబ్బాయిలూ ఉన్నారు, ఆ అబ్బాయిల అక్కచెల్లెళ్లు మాత్రం లేరనుకోండి. ‘ఆడవాళ్లున్నారుగా, తెలుగువాళ్లున్నారుగా’ అన్న జవాబులో పొరపాటెక్కడో పిల్లలనే పట్టమనండి. నల్లబల్ల మీద ‘వివక్షల కూడలి’ అని రాసి, పక్కనే ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ కూడా రాయండి. పై చదువుల్లో వాళ్లకు ఎదురయ్యే మాట అదే.