అక్క ప్లాటు నా పేరు మీదికి మారిస్తే కేర్ హోం ఖర్చు తప్పుతుందా?

ప్రశ్న: మా అక్క నలభై ఏళ్లుగా ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటోంది. ఇప్పుడు 78. బావ పోయాక ఒంటరిదైంది, అద్దె ఇల్లు, బ్యాంకులో 16 వేల పౌండ్లు. ఈమధ్య రెండుసార్లు పడిపోయింది, ఇక కేర్ హోం తప్పదంటున్నారు. కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) వాళ్లు ఆస్తులన్నీ రాయమని ఫారం ఇచ్చారు. ఘట్‌కేసర్ దగ్గర అక్క పేరున 200 గజాల ప్లాటుంది, ముప్పై లక్షలు పలుకుతుంది. ప్రహరీ కట్టించింది, పన్ను కడుతున్నది నేనే. "నీకు గిఫ్టు డీడు చేసేస్తా, నాకేమీ లేదని రాసేస్తా" అంటోంది. చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఇప్పుడు మాత్రం వద్దండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ప్లాటు మీ పేరుకి మారిపోతుంది నిజమే, కానీ ఫారం చేతికొచ్చాక చేసిన గిఫ్టు కాబట్టి, ఫీజు తప్పించుకోవడానికే ఇచ్చేసిందని కౌన్సిల్ తేల్చేస్తే ఆ ప్లాటు ఇంకా అక్క దగ్గరే ఉన్నట్టు లెక్క వేస్తారు. పైగా 2014 నాటి వాళ్ల కేర్ యాక్ట్ ప్రకారం అలా ఆస్తి పుచ్చుకున్న మనిషి దగ్గర్నుంచి కూడా, అలా తగ్గిన ఫీజు అడగొచ్చు, అంటే మీ దగ్గర్నుంచి. ఏడేళ్లు దాటితే ఏం కాదని ఎవరో చెప్పే ఉంటారు, అది వారసత్వ పన్ను సంగతి, కేర్ హోం లెక్కకి అలాంటి గడువేం లేదు.

విదేశంలో ఉన్న ఆస్తి కూడా లెక్కలోకి వస్తుంది. ఈసీలోనో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) డాక్యుమెంట్‌లోనో ఉన్న గవర్నమెంటు వాల్యూ చూపిద్దామనుకుంటారేమో, వాళ్లకి కావలసింది బయట పలికే ధర. అమ్మడానికి ఖర్చయ్యేలా ఉంటే ఆ ధరలో పది శాతం తీసేస్తారు. డబ్బు బయటికి పంపలేమనే వాదన కూడా నిలవదు, ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయం కోసం మన బ్యాంకుల్లో తెరిచేది) నుంచి, పన్నులు కట్టాక, ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు.

లెక్క ఎలా ఉంటుందంటే (ఇది ఇంగ్లండ్‌కే, స్కాట్లండ్, వేల్స్‌లో వేరు), పొదుపు, ఆస్తులు కలిపి 23,250 పౌండ్లు దాటితే మొత్తం ఫీజు సొంతంగా కట్టాలి. 14,250 లోపైతే పొదుపు జోలికి రారు. ఈ రెంటి మధ్య ఉంటే 14,250 దాటిన ప్రతి 250 పౌండ్లకీ వారానికో పౌండు ఆదాయం ఉన్నట్టు చూస్తారు. 2010 నుంచీ ఇవే అంకెలు, ధరలు ఎంత పెరిగినా ఇవి మాత్రం కదల్లేదు! ప్లాటు లేకపోతే అక్కకి పడేది వారానికి 7 పౌండ్లు, దానికి తోడు పెన్షన్, అందులోనూ సొంత ఖర్చులకి ముప్పై పౌండ్ల పైచిలుకు మిగులుస్తారు.

ప్లాటు కలిస్తే 40 వేల పౌండ్లకి కాస్త అటూ ఇటూ అవుతుంది. కేర్ హోం ఫీజు వారానికి వెయ్యి, పెన్షన్ 250 అనుకోండి, మిగతా 750 పొదుపులోంచి పోతే ఐదారు నెలల్లో 23,250కి దిగుతుంది, అప్పట్నుంచి కౌన్సిల్ సాయం మొదలవుతుంది. మీరింత టెన్షన్ పడుతున్నది ఆ ఐదారు నెలల ఫీజు కోసం. దానికోసం 78 ఏళ్ల మనిషి చేత అబద్ధం రాయించడం నాకైతే నచ్చలేదు.

అన్నీ నేనే చూసుకున్నా అన్నారు. పన్ను కట్టినంత మాత్రాన వాటా రాదండి, కొన్నప్పుడే మీరూ డబ్బు పెట్టి ఉంటే, దానికి కాగితాలుంటే, మీ వాటా పోగా మిగిలిందే అక్కది అని చెప్పొచ్చు. లేకపోతే ఆ మాట ఎత్తొద్దు.

డబ్బు సంగతి కంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. అక్క అవసరాలు ముఖ్యంగా ఆరోగ్యానికి సంబంధించినవైతే కేర్ హోం ఖర్చు మొత్తం ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పెట్టుకుంటుంది, ఆస్తులెంతని అడగదు. దాన్ని కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ అంటారు. రావడం కష్టమే, అయినా ఆ అసెస్‌మెంట్ చేయమని అక్క తరఫున రాతపూర్వకంగా అడిగించండి.

మీరు అడగలేదు గానీ, అక్క ఒంటి మీది బంగారం సొంత వస్తువుల కిందకొస్తుంది, లెక్కలో వేయరు. అలాగని ప్లాటమ్మి గాజులు చేయించకండి, తప్పించుకోవడానికి కొన్నదైతే దాన్నీ లెక్కేస్తారు.