సకినాల డబ్బాకు వస్తుంది, నేను పిలిస్తే రాదు

ప్రశ్న: సార్, మా జిమ్మి ఊరకుక్క. ఏడాదిన్నర వయసు. ఇంట్లో పిలిస్తే వస్తుంది. పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద వదిలితే మాత్రం కొంగల వెంట పడుతుంది, గొంతు పోయేలా అరిచినా తల తిప్పదు. మొన్న 20 నిమిషాలు ఉరికించి, దొరికాక రెండు దెబ్బలు వేశాను. చెవుడేమోనని టెన్షన్ పడ్డాను గానీ, వంటింట్లో సకినాల డబ్బా మూత తీస్తే మేడ మీది నుంచి పరుగెత్తుకొస్తుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చెవులు బంగారంలా ఉన్నాయమ్మా. ఆ డబ్బా మూత చప్పుడు జిమ్మిని ఇంతవరకు మోసం చేయలేదు. మీ పిలుపు చేసింది. కట్ట మీద దాన్ని మీరు ఎప్పుడు పిలుస్తారు? ఇంటికి పోయే వేళకే. వస్తే మెడకు గొలుసు పడుతుంది, ఆట బంద్. మొన్నయితే దెబ్బలు కూడా. కొంగల వెంట పడ్డందుకు కొట్టారని దానికి తెలియదు. మీ చేతికి చిక్కితే దెబ్బలు పడతాయని మాత్రం తెలిసింది.

పశువుల దవాఖానలో ఏళ్ల తరబడి పనిచేసిన నేనూ ఇదే తప్పు చేశాను. మా నల్లోణ్ణి స్నానానికే పేరు పెట్టి పిలిచేవాణ్ణి. కొన్నాళ్లకు పేరు వినగానే మంచం కిందికి దూరేవాడు. సరే, మాట మార్చి ‘దా’ అన్నాను. మా మనవణ్ణీ అలాగే పిలుస్తాం కదా, ఇద్దరూ వచ్చేవాళ్లు! చివరికి ఈల కొన్నాను. మీరూ ఒకటి కొనండి. ఈలలో కోపం వినబడదు.

వారం రోజులు ఇంట్లోనే. ఒక్కసారి ఊదండి, రాగానే ఉడికించిన కోడి కార్జం, బఠాణీ గింజంత ముక్క నోటికివ్వండి. ఉప్పు వద్దు, ఉల్లిగడ్డ అసలే వద్దు, అది కుక్కలకు విషం. రాకపోతే మళ్లీ మళ్లీ ఊదకండి, ఈల కూడా పేరులాగే పాడవుతుంది. తర్వాత వాకిట్లో, ఆ తర్వాతే కట్ట మీద.

కట్ట మీద కొన్ని వారాలు వదలొద్దు. 10 మీటర్ల తాడు కట్టండి, మెడకు కాదు, ఛాతీకి వేసే పట్టీకి. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ముక్క పెట్టి మళ్లీ ఆడుకోనివ్వాలి. వస్తే ఆట ఆగదని దానికి నమ్మకం కుదరాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. కొంగ వెంట ఉరుకుతున్నప్పుడు మొదట్లో ఈల ఊదకండి, ఓడిపోతారు. ఎప్పుడైనా తాడు జారిపోతే వెంటపడొద్దు, ఎదురు దిక్కుకు పరుగెత్తండి, అదే మీ వెంట పడుతుంది. కట్ట మీద నలుగురూ నవ్వుతారు, నవ్వనివ్వండి. ఎంత ఆలస్యంగా వచ్చినా తిట్టొద్దు.

సకినాలు మాత్రం దానికి పెట్టకండి, ఉప్పూ నూనే ఎక్కువ. ఇకమీదట ఆ మూత కాస్త మెల్లగా తీయండి.