అప్పీల్ మూట్ కోర్టుకు పిల్లల్ని ఎలా తయారు చేయాలి? స్పీచ్ పక్కనపెట్టి తీర్పు చదివించండి

క్లాసులో అప్పీల్ మూట్ కోర్టు (లా విద్యార్థులు అప్పీలు వాదించే ఉత్తుత్తి కోర్టు) పెడుతున్నాం, పిల్లల్ని ఎలా సిద్ధం చేయాలి అని అడిగారు. గుంటూరులో లా స్టూడెంట్లతో ఏళ్ల తరబడి ఇదే పని చేయిస్తున్నాను. నేను చెప్పేది ఒక్కటే. స్పీచ్ బట్టీ పట్టించకండి, కింది కోర్టు తీర్పును పేరా పేరా చదివించండి. కింది కోర్టు ఎక్కడ పొరబడిందో, రికార్డులో ఉన్నదాంతోనే చూపించాలి. కొత్త సాక్ష్యం పెట్టాలంటే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 41 రూల్ 27 కింద కోర్టు అనుమతి కావాలి. ఇది ఒంటబట్టని పిల్లలు కథ మళ్లీ మొదటినుంచీ చెబుతారు.

ఒకసారి ప్రోనోటు కేసు ఇచ్చాం. అప్పిచ్చానని మిర్చి వ్యాపారి దావా వేస్తే కింది కోర్టు కొట్టేసింది. అతని తరఫున అప్పీల్ వాదించిన అబ్బాయిది మంచి గొంతు. న్యాయం, ధర్మం అంటూ దంచేస్తున్నాడు. బెంచి మీదున్న సీనియర్ అడ్వకేటు గారు ఆపి, "బాబూ, తీర్పులో ఏ పేరా తప్పంటావు?" అన్నారు. వాడు కాసేపు నిలబడి, మళ్లీ "మే ఇట్ ప్లీజ్ యువర్ లార్డ్‌షిప్" దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు.

ప్రతివాది తరఫు అమ్మాయిది చదువంతా తెలుగు మీడియమే. టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి. "సంతకం మీ క్లయింటుదేనని ఒప్పుకున్నారు కదమ్మా. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 ప్రకారం డబ్బు ముట్టిందనే అనుకోవాలి. ఇంకేం మిగిలింది?" అని ఆ సీనియర్ గారు గట్టిగానే అడిగారు. ఆమె పసుపు చీటీ పెట్టుకున్న పేజీ తీసి, నోటు రాసిన పీడబ్ల్యూ-2 (వాది తరఫు రెండో సాక్షి) క్రాస్ ఎగ్జామినేషన్‌లో చెప్పిన ముక్క చదివింది: "డబ్బు ఇచ్చేటప్పుడు నేను అక్కడ లేను." ఆ ఊహను ఖండించే అవకాశం చట్టంలోనే ఉందనీ, వాది సాక్షే ఆ పని చేసిపెట్టాడనీ చెప్పింది. ఇంగ్లిష్ తడబడినా పాయింటు ఎక్కడా జారలేదు. రిహార్సల్‌లో ఆమెను ఒక్క వాక్యం కూడా పూర్తి చేయనిచ్చేవాళ్లం కాదు. నోరు విప్పగానే ఎవరో ఒకరు "ఏ పేజీ?" అనేవాళ్లు. మీరూ అదే చేయించండి.

ఇంగ్లిష్ గురించి కూడా చెప్పాలి. మన కింది కోర్టుల్లో సాక్షులు చెప్పేది తెలుగులోనే. హైకోర్టులో ఆర్టికల్ 348 ప్రకారం ఇంగ్లిష్ కావాలి, నిజమే. కానీ మొదటి రిహార్సల్ తెలుగులో పెడితే పిల్లల బుర్ర పాయింటు మీద ఉంటుంది. మెమోరియల్ (రాతపూర్వక వాదన) సంగతి తలుచుకుంటేనే బాధ. సీనియర్ల ఫైలులో పేర్లు మార్చి ఇచ్చేస్తున్నారు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చినా, కొత్త హత్య కేసుకీ పాత ఐపీసీ సెక్షన్ 302 అనే రాస్తారు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో ఒక్కో మూట్‌కి రాతకు 5, వాదనకు 5 మార్కులున్నాయి. కాపీ రాతకు ఆ అయిదూ వేసేవాళ్లంటే నాకు కోపం.

వీలైతే పర్మిషన్ తీసుకుని నేలపాడు హైకోర్టుకు ఒక పూట తీసుకెళ్లండి. గుంటూరుకీ విజయవాడకీ దగ్గరే. అప్పీళ్లు నడిచే హాల్లో కూర్చోబెడితే, జడ్జి గారు అడగ్గానే లాయరు తన మాట ఆపి పేజీ నంబరు ఎలా చెబుతారో పిల్లలే చూస్తారు.