చెంచాతో తెరిచిన తలుపు

ఫ్రెంచ్ దర్శకుడు రొబేర్ బ్రెస్సోన్ 1956లో తీసిన జైలు సినిమా గురించి, ఆయన మిగతా సినిమాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకే ఈసారి ఈ శీర్షిక. ఫ్రెంచ్‌లో ఆ సినిమా పేరుకు అర్థం ‘మరణశిక్ష పడినవాడు తప్పించుకున్నాడు’. ‘ఎ మ్యాన్ ఎస్కేప్డ్’ అన్న ఇంగ్లీషు పేరుతో ఎక్కువమందికి తెలుసు.

ప్రశ్న: తప్పించుకున్నాడని పేరులోనే చెప్పేశాక ఇంకేం ఉత్కంఠ ఉంటుందండీ? అయినా చివరి అరగంట ఊపిరి బిగబట్టి చూశాను. ఎందుకలా?

జవాబు: పేరు ఒక్క ప్రశ్ననే తీసేసింది, బయటపడతాడా లేదా అన్నదాన్ని. ఎలా అన్నది మిగిలే ఉంది. దానికి జవాబు ఎవరో చెబితే వచ్చేది కాదు. ఒక్కో చెక్క, ఒక్కో ముడి, ఒక్కో చప్పుడు చొప్పున మనం కూడా దాన్ని కట్టుకుంటూ వెళ్లాలి. బ్రెస్సోన్ మనకు కథానాయకుడైన ఖైదీ ఫోంతేన్‌కు తెలిసినంతే తెలియనిస్తాడు. జైలు మొత్తం కనబడే దృశ్యం లేదు. గోడ అవతల ఏముందో ఫోంతేన్‌కు తెలియదు, మనకూ తెలియదు. కాపలావాడు ఎక్కడున్నాడో అతను చెవితో కనిపెట్టాలి, మనమూ అంతే.

మొదటి దృశ్యం మళ్లీ ఒకసారి చూడండి. కారులో తీసుకెళ్తుంటే ఫోంతేన్ చెయ్యి మెల్లగా తలుపు పిడి మీదకు వెళ్తుంది, వెనక్కి వస్తుంది. కారు నెమ్మదించగానే దూకేస్తాడు. కెమెరా అతని వెంట పరుగెత్తదు. కారులోనే, కదలకుండా కూర్చున్న పక్క ఖైదీ దగ్గరే ఆగిపోతుంది. బయట తుపాకీ చప్పుడు వినిపిస్తుంది, కాసేపటికి అతన్ని తెచ్చి మళ్లీ కూర్చోబెడతారు. ఈ సినిమాను ఎలా చూడాలో ఆ ఒక్క షాటే నేర్పేస్తుంది. ముఖ్యమైనది తెర బయట జరుగుతుంది, దాని కబురు చెవికి అందుతుంది.

ప్రశ్న: నిజంగా జరిగిన కథేనా?

జవాబు: అవును. ఆంద్రే దెవీన్యీ అనే ఫ్రెంచ్ సైనికాధికారి జర్మన్ ఆక్రమణను ఎదిరించే రహస్య దళంలో పనిచేశాడు. 1943 ఏప్రిల్‌లో పట్టుబడ్డాడు. లియోన్ నగరంలోని మోంలుక్ జైల్లో పెట్టారు. ఆ ఊళ్లో గెస్టపో, అంటే నాజీల రహస్య పోలీసు, పెత్తనం క్లౌస్ బార్బీది. ఆగస్టులో మరణశిక్ష వేశారు, దాన్ని అమలు చేసేలోపు, ఆగస్టు 25 తెల్లవారకముందే దెవీన్యీ గోడ దాటాడు. యుద్ధం తర్వాత ఆ అనుభవాన్ని రాశాడు, బ్రెస్సోన్ దాన్ని తీసుకున్నాడు. సినిమా తీసేటప్పుడు సలహాదారు కూడా దెవీన్యీయే. కొంత భాగం మోంలుక్‌లోనే తీశారు, గదిని మాత్రం స్టూడియోలో కట్టారు.

ఉన్నది ఉన్నట్టు, ఏ అలంకారమూ లేకుండా చెబుతున్నానని బ్రెస్సోన్ మొదట్లోనే తెర మీద రాశాడు. కానీ ఎంపిక ఆయనదే. దెవీన్యీ పేరు తీసి ఫోంతేన్ అని పెట్టాడు. మతగురువు, బైబిల్, దైవకృప గురించిన మాటలకు చోటు పెంచాడు. సినిమాకు ఉన్న రెండో పేరు, గాలి తనకు ఇష్టమైన చోట వీస్తుంది అన్నది, యోహాను సువార్తలోని వాక్యం. ఇంకో సంగతి: బ్రెస్సోన్ కూడా యుద్ధంలో జర్మన్ల చేతికి చిక్కి ఏడాదికి పైగా ఖైదీగా ఉన్నాడు. తాళంచెవి చప్పుడుకు మనిషి ఒళ్లు ఎలా బిగుసుకుంటుందో ఆయనకు తెలుసు.

ప్రశ్న: తలుపు ఎలా ఊడదీశాడు, తాడు ఎలా చేశాడు అన్నది సబ్‌టైటిల్స్ చదివే హడావిడిలో సరిగా అందలేదు. వరసగా చెబుతారా?

జవాబు: తప్పకుండా. ఈ సినిమాలో కథంటే ఆ పనే.

గది తలుపు ఓక్ పలకలతో చేసింది. పలకకూ పలకకూ మధ్య ఉన్న అతుకు చెక్క మాత్రం వేరే రంగులో ఉందని ఫోంతేన్ గమనిస్తాడు. అది ఓక్ కాదు, అంతకన్నా మెత్తని చెక్క. అంటే ఓక్‌తో పోరాడక్కర్లేదు, ఆ సన్నని అతుకుల్ని తొలిస్తే పలకలు వాటంతట అవే వదులవుతాయి. కావలసింది ఉలి. భోజనంతో వచ్చిన ఇనుప చెంచా ఒకటి దాచుకుని, దాని పిడిని నేల మీద అరగదీసి ఉలిగా మారుస్తాడు.

తర్వాతది రోజుల తరబడి సాగే పని. తొలిచేటప్పుడు చప్పుడు రాకూడదు, కాబట్టి కొద్దికొద్దిగా గీరాలి. రాలిన పొట్టు కాపలావాడి కంట పడకూడదు, కాబట్టి చీపురు పుల్లతో తలుపు కింద నుంచి లోపలికి లాగి ఏరుకోవాలి. తొలిచిన సందు తెల్లగా కనబడకూడదు, కాబట్టి దాన్ని కప్పిపుచ్చాలి. ఒకచోట తొందరపడితే చెక్క పెద్ద చప్పుడుతో చీలుతుంది. గుండె ఆగినంత పని అవుతుంది, అతనికీ మనకూ.

తలుపు తెరుచుకున్నాక అసలు చిక్కు తాడు దగ్గర మొదలవుతుంది. మంచానికి ఉన్న తీగల వల విప్పుతాడు. పరుపు గుడ్డ, దుప్పటి చీలికలుగా చింపుతాడు. ఇంటి నుంచి మూటలో వచ్చిన బట్టలు కూడా, అంత మంచి బట్టలని చూడకుండా, చింపేస్తాడు. గుడ్డను మెలితిప్పి పేని, తీగతో చుట్టి బిగిస్తాడు. గుడ్డ ఒక్కటే అయితే మనిషి బరువుకు సాగుతుంది, అంచు మీద రాపిడికి తెగుతుంది. తీగ ఆ రెండింటినీ ఆపుతుంది.

కొక్కేలు మాత్రం అతనికి తట్టిన ఉపాయం కాదు. ఓర్సినీ అనే ఖైదీ ముందే పారిపోబోయి గోడ దగ్గర దొరికిపోతాడు. కొక్కేలు ఉండాలనీ, గదిలోని దీపం చట్రాన్ని వంచి చేసుకోవచ్చనీ అతనే చెప్పి వెళ్తాడు. అతన్ని కాల్చి చంపుతారు. నువ్వు గెలవాలంటే ఓర్సినీ ఓడిపోవాల్సి వచ్చిందని పక్క గది ముసలాయన బ్లాన్షే అంటాడు. సినిమాలో నాకు అన్నింటికన్నా బరువుగా తోచే మాట అదే. బ్లాన్షే మొదట్లో గోడ అవతలి నుంచి పలకరించినా జవాబివ్వనివాడు. చివరికి తన దుప్పటి కూడా ఇచ్చేస్తాడు.

అన్నీ సిద్ధమయ్యాక గదిలోకి జోస్త్ అనే కుర్రాడిని తోస్తారు. ఒంటి మీద సగం జర్మన్ యూనిఫాం. గూఢచారి కావచ్చు. చంపాలా, వెంట తీసుకెళ్లాలా? ఫోంతేన్ తీసుకెళ్లాలనే నిర్ణయిస్తాడు. తీరా ఒక గోడ దగ్గర ఆ కుర్రాడి ఊతం లేకపోతే తాను అక్కడే ఆగిపోయేవాడినని అర్థమవుతుంది.

ప్రశ్న: ఆ రాత్రి పైకప్పు మీద వాళ్లు ఎందుకు అంతసేపు కదలకుండా కూర్చుంటారు? సాగదీసినట్టు అనిపించింది.

జవాబు: పైకప్పు నిండా కంకర. అడుగు వేస్తే కరకరమంటుంది. దగ్గర్లో రైలు వెళ్లినప్పుడే ఆ చప్పుడులో తమ అడుగుల చప్పుడు కలిసిపోతుంది, కాబట్టి రైలు కోసం ఆగాలి. చివర్లో రెండు గోడల మధ్య దారిలో ఒక కాపలావాడు సైకిల్ మీద తిరుగుతుంటాడు. ఆ కిర్రుకిర్రు ఏమిటో మొదట వాళ్లకూ తెలియదు. వీలైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ భాగం మళ్లీ చూడండి. చిన్న స్పీకర్లో కంకర, సైకిలు, దూరపు గడియారం గంటలు అన్నీ ఒకే గొణుగుడుగా కలిసిపోతాయి. అప్పుడు ఎవరికైనా సాగదీతగానే అనిపిస్తుంది.

ప్రశ్న: హీరో ముఖంలో ఏ భావమూ పలకదు. మాటలు అప్పజెప్పినట్టు ఉంటాయి. దీన్ని గొప్ప నటన అంటున్నారేమిటి?

జవాబు: గొప్ప నటన అని మేం అనం, ఎందుకంటే అది నటన కాదు. ఫోంతేన్‌గా కనిపించిన ఫ్రాన్స్వా లెతెరియే అప్పటికి తత్వశాస్త్రం చదువుతున్న విద్యార్థి. తర్వాత ఆయనా దర్శకుడయ్యాడు. బ్రెస్సోన్ తన సినిమాల్లోని మనుషుల్ని నటులనకుండా ‘మోడళ్లు’ అనేవాడు. ఒకే వాక్యాన్ని, ఒకే కదలికను పదే పదే చేయించేవాడు. ఇలా పలికితే బాగుంటుంది అన్న ఆలోచన వాళ్లలో అరిగిపోయి, మాట అలవాటుగా వచ్చేదాకా. 1975లో అచ్చయిన తన చిన్న పుస్తకంలో ఈ పద్ధతి గురించి ముక్కలు ముక్కలుగా రాసుకున్నాడు.

దీనివల్ల ఏమవుతుందంటే, ముఖం కథ చెప్పడం మానేసినప్పుడు మన చూపు చేతుల మీదకు దిగుతుంది. ఫోంతేన్ ధైర్యం, భయం, ఓపిక అన్నీ వేళ్లలో ఉన్నాయి. ఒకసారి ముఖం వదిలేసి చేతుల్నే చూస్తూ కూర్చోండి. అప్పటికీ నచ్చకపోతే నచ్చనట్టే. అందరికీ పట్టే పద్ధతి కాదిది.

ప్రశ్న: బకెట్లు పారబోసే చోట అంత గంభీరమైన సంగీతం ఎందుకు?

జవాబు: అది స్వరకర్త మోత్సార్ట్ సి మైనర్ మహా ప్రార్థనలోని ‘కీరియే’ భాగం, ‘ప్రభూ, కరుణించు’ అని. ఖైదీలు వరసగా దిగి పాయఖానా బకెట్లు పారబోసుకునే వేళ అది వినిపిస్తుంది. వాళ్లు ఒకరినొకరు చూసుకునేది, చీటీ అందించుకునేది, రెండు మాటలు గుసగుసలాడేది ఆ కొద్ది నిమిషాల్లోనే. గదిలో ఒంటరిగా చెక్క తొలిచే చోట సంగీతం లేదు. ఆ తేడా పట్టుకుంటే చాలు. తర్వాత్తర్వాత బ్రెస్సోన్ సంగీతాన్ని ఇంకా తగ్గించేశాడు. చివరి సినిమాలో ఒక పాత్ర పియానో వాయిస్తే వినబడేది తప్ప నేపథ్య సంగీతమే లేదు.

ప్రశ్న: ఆయన సినిమాలు ఏ వరసలో చూడమంటారు?

జవాబు: 1943 నుంచి 1983 వరకు 40 ఏళ్లలో 13 పూర్తి నిడివి సినిమాలే. అంతకుముందు 1934లో ఒక చిన్న హాస్య చిత్రం ఉంది. ఆయన మొదట చిత్రకారుడు.

మొదలుపెట్టడానికి ఈ జైలు సినిమాను మించింది లేదు. దీని వెంటనే 1959 నాటి ‘పిక్‌పాకెట్’ చూడండి. గంటా పావు నిడివి. జేబులు కొట్టే విద్య నేర్పడానికి కసాజీ అనే హస్తలాఘవ నిపుణుణ్ణి పెట్టుకున్నాడు, అతను తెర మీదా కనిపిస్తాడు. రైల్వే స్టేషన్లో పర్సులు చేతులు మారే ఘట్టం చూస్తే, చెంచా పట్టిన చేతులకు ఇవి తోబుట్టువులని మీకే తెలుస్తుంది. ఆ తర్వాత వెనక్కి వెళ్లి ఫ్రెంచ్ రచయిత బెర్నానోస్ నవల ఆధారంగా 1951లో తీసిన పల్లె పూజారి డైరీ కథ చూడండి. రాసే చెయ్యి, దాని మీద వినిపించే గొంతు అనే పద్ధతి అక్కడే మొదలైంది. అక్కడి నుంచి 1966 నాటి ‘ఓ అజార్ బాల్తజార్’కు రండి. ఒక గాడిద యజమాని నుంచి యజమానికి మారుతూ పోయే కథ. నటించని ముఖం కోసం అన్నేళ్లు వెతికినవాడు గాడిద దగ్గరికి చేరడం చాలా సహజంగా అనిపిస్తుంది.

‘లార్జాన్’ ఆయన ఆఖరి సినిమా, 1983లో వచ్చింది. టాల్‌స్టాయ్ కథలోని ఒక దొంగ నోటు చేతులు మారుతూ మనిషిని హత్యల దాకా లాక్కుపోతుంది. గొప్ప సినిమా, కానీ దానితో మొదలుపెట్టకండి. కారణాలు చెప్పకుండా ఫలితాలు మాత్రమే చూపిస్తుంది, ఆయన భాష అలవాటు కాకపోతే రాయిలా తగులుతుంది. 1974 నాటి ‘లాన్సెలో’ కూడా అంతే. అది పాతకాలపు గుర్రపు యోధుల కథ, వాళ్ల పోటీ మొత్తం గుర్రాల కాళ్లు, ఇనుప కవచాల చప్పుళ్లలోనే నడుస్తుంది.

1945 నాటి ‘లె దామ్ ద్యు బ్వా ద బులోన్య్’ వృత్తి నటులతో తీసింది, మాటలు ఫ్రెంచ్ కవి కోక్తో రాశాడు. బ్రెస్సోన్ తర్వాత ఏమేం వదిలేశాడో తెలుసుకోవాలంటే మధ్యలో ఎక్కడైనా అది చూడండి.

ప్రశ్న: అవార్డులు?

జవాబు: ఈ జైలు సినిమాకు 1957లో కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడు. 1983లో ‘లార్జాన్’కు అక్కడే సృజనాత్మక చిత్రానికి గ్రాండ్ ప్రి, రష్యన్ దర్శకుడు తార్కొవ్‌స్కీతో కలిసి.

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. ఈ పద్ధతిలో ఒక పని చేసే దృశ్యం తీయాలని ఉంది. ఎక్కడ తప్పుతుంది?

జవాబు: చాలామంది ముందుగా తప్పేది ముఖం దగ్గరే. ముఖాన్ని బిగించమని చెబుతారు. బిగించిన ముఖం కూడా నటనే. ఆ మనిషికి చేతుల్లో నిజమైన పని పెట్టండి. నిజంగా బిగుసుకుపోయిన మేకు, నిజంగా విప్పలేని ముడి అయితే ముఖం సంగతి అదే చూసుకుంటుంది. డూప్లికేట్ వస్తువు పెట్టారా, చెయ్యి అబద్ధం చెబుతుంది.

లెన్సు ఒక్కటే పెట్టుకోండి. బ్రెస్సోన్ 50 మిల్లీమీటర్ల లెన్సుకే కట్టుబడ్డాడు. అది 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్ముకు. డిజిటల్ కెమెరా సెన్సర్ దాదాపు అంత సైజుదైతే (సూపర్ 35) అదే లెన్సు సరిపోతుంది. అంతకన్నా పెద్ద సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్) అయితే అంతే దృశ్యానికి 70-75 దాకా కావాలి. జూమ్ వద్దు.

ఒక్కో షాట్లో ఒక్క సమాచారమే ఉండాలి. చెంచా, సందు, రాలిన పొట్టు, వినే ముఖం. నాలుగూ ఒకే ఫ్రేములో పెడితే ఏదీ మిగలదు. మనిషి ఫ్రేము దాటి వెళ్లగానే కత్తెర వేయకండి. ఖాళీ తలుపు మీద ఒకటి రెండు సెకన్లు ఆగండి.

శబ్దం విడిగా రికార్డు చేయండి. గీరే చప్పుడు, అడుగులు, తాళం, ఒక్కొక్కటి మైకును దగ్గరగా పెట్టి, ఫ్యాను ఆపి. అదే గదిలో ఎవరూ కదలకుండా కనీసం ఒక నిమిషం నిశ్శబ్దం కూడా పట్టుకోండి. ఎడిటింగ్‌లో చప్పుళ్ల మధ్య అది పరచకపోతే శబ్దాలు గాల్లో వేలాడుతున్నట్టుంటాయి. ఒక చప్పుడుతో తెలిసేదాన్ని బొమ్మలో మళ్లీ చూపించొద్దు. కాపలావాడి అడుగులు వినిపిస్తే చాలు, అతన్ని చూపించే షాట్ తీసేయండి.

మాటలు పొట్టిగా రాసుకోండి. ఈ పద్ధతిలో పొడుగు డైలాగు పాఠం అప్పజెప్పినట్టే వినిపిస్తుంది. నేపథ్యంలో గొంతు పెడితే, తెర మీద కనిపిస్తున్న దానికన్నా అరక్షణం ముందో వెనకో ఉండేలా చూడండి. రెండూ సరిగ్గా ఒకేసారి చెబితే ఒకటి దండగ.