రెండున్నర గంటల్లో అమెరికానా?

ప్రశ్న: మా అమ్మాయి శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటుంది. బెంగళూరు నుంచి నేరుగా పోయే విమానానికి టికెట్ పంపింది. జనవరి 10 మధ్యాహ్నం 2 గంటలకు బయల్దేరి అదే రోజు సాయంత్రం 4.30కి చేరుతుందని అందులో ఉంది. అనంతపురం నుంచి బెంగళూరు పోవడానికే నాలుగు గంటలు పడుతుంది కదా, అమెరికాకు రెండున్నర గంటలేనా? వచ్చేటప్పుడేమో ఫిబ్రవరి 20 రాత్రి 9కి ఎక్కితే 22 తెల్లవారుజామున 3.30కి దిగుతానంట. ఒక్కదాన్నే పోవాలి, టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: టికెట్ సరిగ్గానే ఉందమ్మా, కంగారు పడకండి. ఎక్కే టైము మనది, దిగే టైము వాళ్లది, అంతే తేడా. జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో మనకన్నా 13.30 గంటలు వెనక ఉంటుంది. మీరు విమానంలో కూర్చునేది నిండా 16 గంటలు, అంటే దిగేసరికి మన అనంతపురంలో మర్నాడు పొద్దున 6 అయి ఉంటుంది, వాళ్లకేమో ఇంకా ముందురోజు సాయంత్రమే. వచ్చేటప్పుడు 17 గంటల ప్రయాణం, దానికి ఈ 13.30 కలుపుకోండి, 22వ తేదీ తెల్లవారుజాము అవుతుంది.

దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. గోడ మీది మ్యాపులో చూస్తే దారి అర్థం కాదు, పిల్లల గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, అది ఉత్తర ధ్రువం వైపు ఎక్కుతుంది. అయినా విమానం ఎప్పుడూ ఆ దారం వెంబడే పోదు. పైన పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు గట్టి గాలి వీస్తుంటుంది, చలికాలంలో మరీ జోరు. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని పడమరగా పోయే అట్లాంటిక్ వైపు నుంచి తూర్పుగా పోయే పసిఫిక్ వైపుకు మార్చింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది, టైము మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది, వెనక నుంచి గాలి తోస్తుంది కాబట్టి! తిరుగు ప్రయాణంలో ఆ సాయం ఉండదు, అందుకే ఆ గంట ఎక్కువ.

మీరు చేయాల్సిందల్లా ఒకటే, అక్కడ దిగేవరకు చేతి గడియారం ముల్లు తిప్పకండి. బీపీ, షుగర్ మాత్రలు ఉంటే ఏ గంటకు ఏది వేసుకోవాలో ముందే డాక్టరును అడిగి, మన టైము ప్రకారం కాగితం మీద రాయించుకుని హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకోండి. రెండు గంటలకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి. పోయే రోజు పొద్దున ఆరున్నరకే ఇల్లు వదిలితే సరిపోతుంది, ఎయిర్‌పోర్టు దేవనహళ్లి దగ్గర, మన వైపే కదా, బెంగళూరు ట్రాఫిక్‌లోకి దూరే పని లేదు.

పోయినేడు మా అక్క వచ్చేటప్పుడు మేం ఆమె ఎక్కిన తేదీకి ఒక రోజే కలిపి కారు పంపాం, పాపం ఆ డ్రైవరు రాత్రంతా అక్కడే కూర్చున్నాడు. మీ కారు అతనికి మాత్రం 21 రాత్రి పదకొండుకల్లా అనంతపురంలో బయల్దేరమని ఇప్పుడే చెప్పి పెట్టండి.