నేల మారేదాకా ఇల్లు గడవాలి కదా!

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. నాకు 43 ఏళ్లు. ఐదెకరాల్లో శెనక్కాయ వేస్తాం. ఎరువులకు, పురుగుమందులకే ఎకరాకు 8,000 దాకా పోతోంది. నేల కూడా గట్టిపడిపోయింది. ఈ ఖరీఫ్‌ నుంచి ఐదెకరాలూ ప్రకృతి సేద్యంలోకి మార్చాలనుకుంటున్నాను. ఉన్న రెండు జెర్సీ ఆవుల్ని అమ్మేసి నాలుగు నాటు ఆవుల్ని కొనాలి. షెడ్డు, కంచె, నూనె గానుగ కూడా పెట్టాలి. ఆవులు అమ్మిన డబ్బు పోను ఇంకా 8.4 లక్షలు కావాలి. బ్యాంకులో ఉన్న 1.4 లక్షలు తీసేసి, నా భార్య నగల మీద 4 లక్షలు, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెద్దామని ఉంది. పంట రుణం 1.5 లక్షలు ఇప్పటికే ఉంది. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. ఇంటి ఖర్చు నెలకు 15,000. గానుగ నూనెకు బెంగళూరులో మంచి ధర ఉందంటున్నారు. దిగమంటారా?

జవాబు: సేద్యం మార్చండి. అప్పు మాత్రం చేయకండి.

రెండు రూపాయల వడ్డీ అని ఎంత తేలిగ్గా రాశారండీ! అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షల మీద నెలకు 6,000, ఏడాదికి 72,000. నగల మీద తెచ్చే 4 లక్షలకు పది శాతం వేసుకున్నా ఇంకో 40,000. రెండూ కలిపితే 1.12 లక్షలు ఒట్టి వడ్డీ. మందులు మానేస్తే మీకు మిగిలేది, మీ లెక్క ప్రకారమే, ఐదెకరాలకు 40,000. మందుల కొట్టుకు కట్టడం మానేసి, అంతకు దాదాపు మూడింతలు వడ్డీకి కడతారన్నమాట. తిరిగి కట్టాల్సిన అసలు సంగతి ఇంకా ఎత్తనేలేదు.

ఈ మధ్య ఇలాంటి ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. పద్ధతి మీద నాకు అనుమానం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో రైతు సాధికార సంస్థ మొదలుపెట్టిన ప్రకృతి సేద్య కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతిలో వాటా కూడా వచ్చింది. మొదట్లో దాని పేరే జీరో బడ్జెట్. ఆ పేరుతో మొదలైన సేద్యానికి మీరు 8.4 లక్షల బడ్జెట్ వేశారు!

ఈ సేద్యంలో ఎరువుకు బదులు నేలకు పోసేది జీవామృతం. ఎకరాకు 200 లీటర్ల ద్రవ జీవామృతం కలపాలంటే పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు చాలు. ఒక్క నాటు ఆవుతో ముప్పై ఎకరాలు చేయొచ్చంటారు, జీరో బడ్జెట్ సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ గారు. ఆ లెక్క కాస్త ఎక్కువే అనుకుందాం, అయినా ఐదెకరాలకు నాలుగు ఆవులెందుకు? ఊళ్లో నాటు ఆవులున్న వాళ్ల దగ్గర పేడ, మూత్రం తెచ్చుకోండి. కూలి ఖర్చు మాత్రం మరిచిపోకండి. కషాయాలు కాయడానికి, కలుపు తీయడానికి మనుషులు కావాలి. కొట్టులో మిగిలిందంతా జేబులోనే ఉండిపోదు.

మీరు అమ్మేద్దామంటున్న జెర్సీ ఆవులే ఆ ఇంట్లో నెలనెలా డబ్బు తెచ్చేవి. శెనక్కాయ డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, అదీ వాన దయ తలిస్తే. పాల డబ్బు పోతే పిల్లల ఫీజు దేంతో కడతారు? వాటిని అమ్మకండి.

ఇక నేను ఎప్పుడూ నెత్తీ నోరూ కొట్టుకునే మాట: అత్యవసర నిధి. జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు దాచమంటాను. మెట్ట రైతుకు ఆరు నెలలు ఏ మూలకూ చాలవు, ఏడాది ఉండాలి. మీకైతే ఇంటికి 1.8 లక్షలు. దాని మీద ఒక పంటకు విత్తనం, కూలీలకు కనీసం లక్ష. మొత్తం 2.8 లక్షలు. మామూలు రైతుకే ఇంత కావాలి. ఏళ్లుగా డీఏపీకి అలవాటు పడ్డ నేల ఒక్క ఖరీఫ్‌లో తేరుకోదు, మొదటి ఏడాదో రెండో దిగుబడి తగ్గొచ్చు. అదే ఏడాది వాన కూడా మొహం చాటేస్తే? మీ వైపు అది వింతేమీ కాదు. అప్పుడు వడ్డీ కోసం ఇంకో అప్పు చేస్తారు. చివరికి ‘ప్రకృతి సేద్యం మమ్మల్ని ముంచింది’ అంటారు. ముంచేది రెండు రూపాయల వడ్డీ.

మీ దగ్గర 1.4 లక్షలున్నాయి. అంటే సగం నిధి చేతిలోనే ఉంది. దాన్ని ముట్టుకోకండి. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ కలిపి ఏడాదికి వచ్చే 20,000 కూడా వచ్చింది వచ్చినట్టే అందులో వేయండి. పంట రుణం గడువులోపు కట్టేస్తే 4 శాతమే పడుతుంది, గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. దాన్ని రెన్యువల్ చేయించుకుంటూ పెట్టుబడికి వాడుకోండి. అంతకు మించి ఏ అప్పూ వద్దు.

సేద్యం ఒక ఎకరాతో మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లోనే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లి, ఆ నేల తేరుకోవడం చూశాక రెండో ఎకరాకు వెళ్లండి. నీళ్లకు వీలుంటే ఏటీఎం (ఎనీ టైమ్ మనీ, అంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు డబ్బు) మోడల్ అంటున్నారే, 20 సెంట్లలో కూరగాయలు, ఆకుకూరలు, అదీ వేయండి. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గానీ నా మనసులో మాటే పెట్టారు. నిధికి వారం వారం ఎంతో కొంత చేరుతుంది.

గానుగ ఇప్పుడు వద్దు. రైతులే బృందంగా ఒకరి పొలం ఒకరు చూసి ఇచ్చుకునే పీజీఎస్ ధ్రువీకరణలో, మార్పిడి కాలంలో గ్రీన్ గుర్తే ఇస్తారు, పూర్తి సేంద్రియ గుర్తు ఆ తర్వాతే. అది లేకుండా బెంగళూరు ధర లెక్కలోకి తీసుకోకండి. కంచె కూడా ఆగొచ్చు. పంట బీమాకు రైతు వాటా ఖరీఫ్ నూనెగింజలకు 2 శాతం మించదు, కట్టండి. మిశ్రమ పంటలు వేసినా ఈ-పంటలో శెనక్కాయ నమోదైందో లేదో రైతు సేవా కేంద్రంలో చూసుకోండి. బ్యాంకులో 436 రూపాయల జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా రెండూ తీసుకోండి.

నగలు కుదువ పెడతానని రాశారు గానీ, మీ ఆవిడ ఏమన్నారో రాయలేదు. ఈ సేద్యం మన దగ్గర పల్లెల్లోకి వచ్చింది చాలావరకు మహిళా సంఘాల ద్వారానే. ఆవిడ సంఘంలో ఉంటే, ఊళ్లో ఇప్పటికే ఇది చేస్తున్నవాళ్లెవరో మీకంటే ముందే తెలిసి ఉంటుంది. ఈ నెల మీటింగ్ రోజున మీరూ వెంట వెళ్లి, మొదటి ఎకరా ఏదో వాళ్లతో మాట్లాడాకే తేల్చుకోండి.